బందెల దొడ్డిలో అంబాసిడర్

మా మరిది జంగయ్య యాభై రెండో ఏట కారు నడపడం నేర్చుకున్నాడు. అప్పటిదాకా ఆయన చేతులు పట్టినవి పగ్గాలే. గడ్డిఅన్నారం పక్కన మా పొలాలన్నీ ప్లాట్లయి, గట్లున్న చోట సున్నం పూసిన హద్దురాళ్లు పాతాక, ఎడ్ల జతను అమ్మేసి, ఎవరో డాక్టరు వాడి వదిలేసిన తెల్ల అంబాసిడర్‌ను తెచ్చి కొట్టంలో కట్టేశాడు. కట్టేశాడు అనే అంటాను. దానికీ గోడకీ మధ్య మా బర్రె. రెండింటికీ ఒకటే కప్పు, ఒకటే ఈగలు.

కారు ఎవరైనా కొంటారు. జంగయ్య గొప్పంతా మాటలో ఉంది. ఎడ్లు చేతులు మారినప్పుడు తగువొస్తే తుర్కయంజాల్ నుంచి కూడా ఆయన కోసం మనుషులు వచ్చేవాళ్లు. పుండు అమ్మినవాడి దగ్గరే ఉందా, కొన్నవాడి దగ్గర అయిందా, చెయ్యి పెట్టి చూసి చెప్పేవాడు. ఒకసారి సొంత బావమరిది మీదే తీర్పు చెప్పాడు. ఆయన భార్య, అంటే నా తోటికోడలు సత్తెమ్మ, నెల రోజులు ఉప్పు లేని పప్పు పెట్టింది. ఆ పప్పు తిన్నాడు కానీ మాట మార్చుకోలేదు. పొలం పోయింది, ఎడ్లు పోయాయి, మిగిలింది ఆ మాట ఒక్కటే. ఎనభై ఏడు ఎండాకాలంలో దాన్ని కూడా పోగొట్టుకోబోయాడు.

ఆ రోజు నా కొత్త కళ్లద్దాల కోసం దిల్‌సుఖ్‌నగర్ పోయాం. కారును బస్సులు తిరిగే దారిలో ఆపాడు.

"ఈడ నిలపకు మరిదీ" అన్నాను.

"ఎడ్లబండి ఇడిసినప్పుడు ఎవ్వడన్న ఏమన్నడా వదినా? గిదే జాగల ఇరవై ఏండ్లు ఇడిసిన."

ఆయన బండి విడిచిన రోజుల్లో అక్కడ కందిచేను ఉండేది. ఆ సంగతి ట్రాఫిక్ పోలీసులకు ఎవరు చెప్పాలి? కొత్త అద్దాలు పెట్టుకుని బయటికి వస్తే లోకమంతా నాకు తేటగా కనిపించింది, కారు తప్ప.

సోడాబండి కనకమ్మ కబురు చెప్పింది. "పోలీసోళ్ల లారీ వచ్చింది పటేలా. ముందల గొలుసు కట్టి లేపి, ఎల్బీ నగర్ దిక్కు గుంజుకపోయిండ్రు."

"బందెల దొడ్డికా!" అని జంగయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

వెనకటికి ఒకరి చేలో పడి మేసిన పశువును ఊరి బందెల దొడ్డిలో పెట్టేవాళ్లు. విడిపించుకునేవాడికి ఒక పద్ధతి ఉండేది. పగ్గం ముట్టకముందే పశువు చుట్టూ తిరిగి చూసుకోవాలి. లోపల ఎవడైనా కొట్టాడా, కాలు విరిచాడా, అప్పుడే అడగాలి. పగ్గం చేతికి తీసుకున్నాక పశువూ నీదే, పుండూ నీదే. ఆటో ఎల్బీ నగర్ చేరేదాకా జంగయ్య నాకు ఈ పాఠమే చెప్పాడు, నేనేదో చార్మినార్ నీడలో పుట్టినట్టు.

అక్కడ ముళ్లకంచె వేసిన ఖాళీ జాగాలో పది స్కూటర్లు, రెండు ఆటోలు, మధ్యలో పెళ్లి చెడిన పెద్దింటి పిల్లలా మా అంబాసిడర్. రిజిస్టరు ముందు కూర్చున్న హెడ్డు కానిస్టేబుల్ గంగాధరరావు గుంటూరు వైపు మనిషి. జరిమానా రసీదు చేతిలో పెట్టి, పుస్తకం ఇటు తిప్పాడు.

"'బండి బాగానే అందింది' అని రాశాను. సంతకం పెట్టి తీసుకెళ్లండి."

జంగయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "ముందుగాల సూసుకుంట. కలం తర్వాత ముడత."

ఇక మొదలుపెట్టాడు. ముందు బంపరు కింద వేళ్లు పెట్టి, కోడె పెదవి ఎత్తినట్టు ఎత్తబోయాడు. లైట్లలోకి వంగి ఒక్కో కన్నూ పరీక్షించాడు. చక్రాలను మడమతో తట్టాడు. బానెట్ మీద చెవి పెట్టి ఊపిరి విన్నాడు.

"ఏవండీ పెద్దాయనా, కారుకి పళ్లు కూడా లెక్కపెడతారా ఏంటి?" అన్నాడు గంగాధరరావు.

"లెక్కపెట్టకనే గద, మీరు ముసలి బర్లను పడుచుయని కొంటరు."

స్కూటర్ల కోసం వచ్చినవాళ్లు తమ పని మరిచి మా చుట్టూ చేరారు. జంగయ్యకు జనం ఉంటే హుషారు. గొలుసు కట్టిన కానిస్టేబుల్ ఎవరని అడిగాడు. నర్సింహులు అని ఒక నడివయసు మనిషి ముందుకు వచ్చాడు. పోచంపల్లి దగ్గర మగ్గం వదిలి ఖాకీ తొడుక్కున్నవాడు. జంగయ్య తాళంచెవి ఆయన చేతికే ఇచ్చాడు.

"జర నడిపియ్యి. కుంటుతదేమో సూస్త."

నర్సింహులు కారును జాగా చుట్టూ తిప్పాడు. జంగయ్య తల వంచి చక్రాల పక్కనే నడిచాడు. కుంటు లేదు. కానీ కారు మలుపు తిరిగి ఆగేసరికి ఎడమ వెనక తలుపు మీద ఎండ పడింది. పిడికిలంత సొట్ట!

"సూడున్రి! సూడున్రయ్యా!" అని జంగయ్య కేక. "పొద్దుగాల నా చేతుల్తోటి కడిగిన. గీ సొట్ట లేదు!"

"పటేలా, నేను కట్టింది ముందట" అన్నాడు నర్సింహులు. "ఎనక తలుపు దిక్కు పోనేలే. నూలుపోగు తెగకుంట నేసినోన్ని, గొలుసు సక్కగ కట్టనా?"

"నేసుడు ఏరు, గుంజుడు ఏరు!"

గంగాధరరావు కలం మూత తీశాడు. "పొద్దున్న లేదని మీరు రాసిస్తే ఇతని మీద రిపోర్టు వెళ్తుందండీ. ఈసారి ప్రమోషను లిస్టులో పేరుంది పాపం. అది కాస్తా పోతుంది. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించుడేంది? జంగయ్య ఒక్కటే మాట చెప్తడు."

జనంలోంచి బాలాపూర్ మనిషి ఒకడు వంత పాడాడు. "అవు, మా ఎడ్ల పంచాయితి తెంపింది గీ పటేలే. ఆయన అన్నడంటే అన్నట్టే, రాసుకోన్రి."

నర్సింహులు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు నా కొత్త అద్దాల్లోంచి ఆ సొట్ట అడుగున గోధుమరంగు కనిపించింది. అది పాత సొట్టని చెప్పేయవచ్చు కదా అంటారేమో. జంగయ్య నోట రావలసిన మాటను నేను లాక్కోవడం నాకు ఇష్టం లేదు. రాకపోతే అప్పుడు చూసేదాన్ని.

"మరిదీ" అన్నాను మెల్లగా, "అన్నిటికి చెయ్యి పెట్టినవు, దీనికి పెట్టకపోతివి. కొత్త పుండో పాత పుండో సూడరాదు?"

నన్ను మింగేసేలా చూశాడు. అయినా చూడమన్నాక చూడకుండా ఉండలేడు, అది ఆయన చేతికున్న జబ్బు. బొటనవేలు సొట్టలో పెట్టి గీకాడు. వేలికి తుప్పు అంటింది. పక్కన కూర్చుని నేల నుంచి సొట్ట దాకా జానలతో కొలిచాడు. ఆ తర్వాత లేవలేదు. ఇరవై మంది చూస్తున్నారు, బాలాపూర్ వాడు మరీ మెడ చాచి చూస్తున్నాడు. వేలిని పంచెకు తుడిచేసుకుంటే అడిగేవాడు లేడు.

తుడుచుకోలేదు. వేలు అలాగే పట్టుకుని లేచాడు.

"కలం ఆపు సారూ. పాత దెబ్బ. గొలుసుది కాదు, కొమ్ముది."

"కొమ్మేంటండీ? ఎవరి కొమ్ము?"

"మా బర్రెది. పోయిన వానకాలం నాటిదైతది."

"మరి పొద్దున్నే కడిగానన్నారుగా?"

జంగయ్య ఆకాశం చూశాడు, లారీ చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను అద్దాలు తుడుచుకున్నాను.

"బజారు దిక్కు కడిగిన" అన్నాడు. "గిది గోడ దిక్కు."

"అంటే ఆ పక్క ఎప్పుడూ కడగలేదా?"

"గోడకు సూపెట్టనీకి కడుగుతరా?"

నవ్వులు కంచె దాటి రోడ్డు మీదికి పోయాయి. బాలాపూర్ వాడయితే స్కూటర్ సీటు పట్టుకుని నవ్వాడు. జంగయ్య నవ్వనిచ్చాడు. నవ్వులు అయిపోయాక సంతకం పెట్టాడు. పెట్టేముందు 'సొట్ట ఇంటిది' అని కూడా రాయించి, చదివి వినిపించమన్నాడు. గంగాధరరావు రెండుసార్లు చదివాడు.

తప్పయిందనడం మా మరిదికి పుట్టుకతోనే రాదు. నర్సింహులు దగ్గరికి పోయి, కారు ముందు వంగి, గొలుసు ఒరిసిన చోటంతా వేలితో తడిమి చూశాడు.

"గీత పడలే. నీ కట్టు మంచిగున్నది" అన్నాడు.

నర్సింహులుకు అంతే చాలనిపించినట్టుంది. గేటు దాకా వచ్చి, ఎదురొచ్చే బస్సును ఆపి మరీ మమ్మల్ని రోడ్డెక్కించాడు.

దారిలో జంగయ్య అడిగాడు. "నీకు ముందుగాలనే కనవడ్డదా వదినా?"

"కనవడ్డది."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవా లేదా సూద్దామని."

ఆ రాత్రి సత్తెమ్మకు, నా అద్దాలు అంత మంచివి కొనకుండా ఉండాల్సిందని చెప్పాడట.

ఆదివారం పొద్దున్నే గంగాధరరావు ఖాకీ లేకుండా మా వాకిట్లో దిగాడు. వెనక ఒక ముసలి స్కూటరు, దాన్ని అమ్మేవాడు. "కొందామనుకుంటున్నానండీ. ఒకసారి మీరు చూసి చెబితే..." అన్నాడు. జంగయ్య గంటసేపు తడిమి, అది ఒకసారి పక్కకు పడిందని చెప్పాడు. అమ్మేవాడు ఒప్పుకున్నాడు. పై వారం నర్సింహులు తన తమ్ముడి కోసం ఇంకొకటి తెచ్చాడు.

ఇప్పుడు కొత్త కాలనీల్లో పాత బండి కొనేవాళ్లలో సగం మంది మా ఇంటి దారే పడుతున్నారు. చాయ్‌లు పెట్టలేక సత్తెమ్మ వాళ్లనూ తిడుతుంది, నన్నూ తిడుతుంది. ఇంజను గురించి జంగయ్యకు ఒక్క ముక్క కూడా తెలియదు. ఆ సంగతి వచ్చినవాళ్లకు ఆయనే ముందు చెబుతాడు. అయినా వస్తూనే ఉన్నారు.