ఉమ్మడి గోడలో నేను తవ్విన గూడు

జనగామలో నా అంత చవకగా జాగా కొన్నవాడు లేడు. ఒక స్పీకరుకు చెక్క డబ్బా చేయించడం దండగ అనుకున్నాను. ఆ పిసినారితనమే తిరిగి తిరిగి పక్కింటిని తెచ్చి నా చేతిలో పెట్టింది. బేరం అంటే అదీ. ఈ కథలో మొదటి సగం బజారులో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను. రెండో సగం నలభై ఏళ్లుగా నాలోనే ఉంది. తూకపు రాయిలా, కదలకుండా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే బేరం మొదలవుతుంది. నేను తప్పును కొంత తగ్గించి చెబుతాను, వాళ్లు పోనీలే అంటారు, ఇద్దరం ఎక్కడో మధ్యలో తెగ్గొట్టుకుంటాం. మాది కిరాణం కొట్టు. కొనేటప్పుడు మొహం ముడుచుకోవాలి, అమ్మేటప్పుడు నిట్టూర్చాలి అని మా నాయన నాకు ఓనమాలకన్నా ముందు నేర్పాడు.

ఎనభైల మొదట్లో మా బావమరిది మానుకోట నుంచి వచ్చాడు. వాడు అప్పటికే రెండు పెద్ద స్పీకర్ల టేపు సెట్టు కొన్నాడు. మా ఇంట్లో నా సెట్టు విని, తల వంచి చెవి ఒగ్గి, “బావా, గిది పాడుతాందా, గొణుగుతాందా?” అన్నాడు. మా ఆవిడ నవ్వింది. ఆమె నవ్వకపోయి ఉంటే? అని ఎన్నిసార్లు అనుకున్నానో. చూశారా, ఇక్కడ కూడా తప్పులో కొంత వాటా ఆమె మీదికి తోస్తున్నాను.

వరంగల్ వెళ్లి, అన్నం పళ్లెమంత వెడల్పు స్పీకరు ఒకటి పాతది కొన్నాను. నాలుగు వందలు. డోలు దెబ్బ పడితే కడుపులోకి దిగాలి, అంతే నా కోరిక. రేడియోలు బాగుచేసే సమ్మయ్య దాన్ని చూసి, “గీనికి పెద్ద డబ్బా కావాలె శేటు. ఎనక గాలి ఆడే జాగ లేకుంటే గిది ఉత్త జల్లెడ” అన్నాడు. వడ్రంగి చెప్పిన ధరకు నాకు కళ్లు తిరిగాయి. ఎంత మొహం ముడిచినా అతను రూపాయి దిగలేదు. ఇంటికొచ్చి గోడ వైపు చూశాను.

ఆ గోడ గురించి చెప్పాలి. మూరెడు మందం మట్టిగోడ. ఇటు నేను, అటు కొమురవ్వ. అలాంటి గోడలో ఎవరి సగం వారిది. మేకు కొట్టినా, గూడు పెట్టినా తన సగంలోనే. వానకు పడిపోతే ఖర్చు చెరి సగం. ఒకరి చేతలవల్ల పడితే మొత్తం వారిదే. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు.

గోడలోనే గుండ్రంగా గూడు తవ్వి, ముందు పలక బిగించి, దానికి స్పీకరు పెట్టాలనుకున్నాను. నా సగంలోనే తవ్వుతానని సమ్మయ్యకు మాటిచ్చాను. అలాగే తవ్వాను. మోగించాను. బాగుంది. కానీ కడుపులోకి దిగలేదు. ఎవరూ లేనప్పుడు ఇంకొంచెం తవ్వాను. ఇంకొంచెం. చివరికి గూట్లో చెయ్యి పెట్టి తడితే అవతలి వైపు బోలుగా పలికింది. అరచేతి మందం మిగిలి ఉంటుంది. ఆగాను. పూడ్చానా? లేదు. పలక బిగించాను.

బావమరిది మళ్లీ వచ్చినప్పుడు గ్లాసులో నీళ్లు వణికాయి. వాడు పొట్ట పట్టుకున్నాడు. ఆ ఒక్క చూపు కోసమే ఇదంతా.

కొమురవ్వ ఒంటరిది. ఇంట్లోనే పొయ్యి పెట్టి, మంగలం కుండలో కాగే ఇసుకలో పేలాలు, పల్లీలు, శనగలు వేయించి బతికేది. ఊరివాళ్లు గింజలు తెచ్చి ఆమె దగ్గరే వేయించుకుపోయేవారు. మా కొట్టుకు పుట్నాలు ఆమెవే. ఒకరోజు వచ్చి నవ్వుతూ, “ఏంది శేటు, నీ పాటకు నా మంగలంల ఇసుక చిందులేస్తాంది. పేలాలు ఏంచుతన్ననో, బతుకమ్మ ఆడిస్తన్ననో తెలుస్తలేదు” అంది. నేనూ నవ్వాను. ఇంకొన్నాళ్లకు నవ్వకుండా వచ్చింది. గోడ మొదట్లో రోజూ మన్ను రాలుతోందట. ఎంత ఊడ్చినా రాలుతోందట. ఎందుకో నాకు తెలుసు. నోరు మాత్రం కొట్లో కూర్చున్నట్టే కూర్చుంది. “పందికొక్కులవ్వా” అన్నాను. మా కొట్లోనే మందు కొనుక్కుంది. రెండు రూపాయలు. తీసుకున్నాను.

అప్పుడైనా సౌండు తగ్గించవచ్చు. తగ్గించాను, నాలుగు రోజులు.

తర్వాత ముసురు పట్టింది. గిరాకీ లేదు. పగటిపూట కొట్టు వదిలి లోపల ఒక్కణ్ణే కూర్చుని పాటలు పెట్టుకున్నాను. డోలు మోగుతుండగానే గోడ నడుము దగ్గర ఉబ్బింది. తడిసిన గోనెసంచి కూలబడ్డట్టు అవతలికి కూలింది. కొమురవ్వ ఇంట్లో లేదు, అంగడికి పోయింది. గోడ ఆమె పొయ్యి మీద పడింది. ఇటువైపు నా గూడు పై అంచు ఇంకా నిలిచే ఉంది, గీసినట్టు గుండ్రంగా. వానకు ఏ గోడా అలా గుండ్రంగా పడదు.

గడపార తెచ్చి ఆ అంచు పొడిచి రాల్చాను. స్పీకరును బియ్యం బస్తాల వెనుక పెట్టి గోనె కప్పాను. పలకను పొయ్యిలో పెట్టాను.

కొమురవ్వ నెత్తిన తడిసిన గంపతో వచ్చింది. వెంట మా వాడకట్టు తగువులు తీర్చే పటేల్. ఆయన మట్టికుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. నా వైపు నిలబడి, మిగిలిన గోడ మీద చేతికర్ర ఆనించాడు.

“అడుగు నానితె పడ్డదనుకుంట. నడుమల గింత లోతు ఎట్ల ఊడిందిరా?”

ఎంత ధరకైనా ఒక మాట కొనుక్కునేవాణ్ణి ఆ క్షణంలో. అడగకుండానే ఇచ్చింది కొమురవ్వ.

“పందికొక్కులు తొలిచినయి పటేలా. నేనే మందు గూడ పెట్టిన. ఇగ నా చూరు కారబట్టి ఎన్ని దినాలాయె! పెంకలు సర్దిపియ్యక నేనే కూలగొట్టుకున్న.” తర్వాత నా వైపు తిరిగింది. “నీ ఇల్లు గూడ ఆగం జేస్తి గద బిడ్డా. ఏమనుకోకు. నీ పాటల డబ్బ ఖరాబైందా?”

“అయిందవ్వా.”

“ఎంత అయితదో, ఏమో.”

“నాలుగు వందలు. నీతోని ఏం తీసుకుంట గని... సగం ఇయ్యి, చాలు.”

పటేల్ నా భుజం తట్టాడు. “గిట్లుండాలె ఇరుగుపొరుగంటె” అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు నచ్చింది. అదే ఇప్పటికీ అర్థం కాదు. భయం తగ్గిన మరుక్షణం నాకు సిగ్గు కలగలేదు. నిజంగానే రెండు వందలు వదులుకున్న దాత లాగా తడిసిన మట్టిలో నిలబడ్డాను. మనిషి తనను తాను ఇంత సులువుగా మోసం చేసుకోగలిగితే కొనేవాణ్ణి మోసం చెయ్యడం ఒక విద్యా?

గోడలో సగం ఖర్చు, స్పీకరులో సగం. ఆమె దగ్గర అంత ఎక్కడిది? నెల తిరక్కుండా ఆమే వచ్చి జాగా తీసుకొమ్మంది. గోడ లేని ఇంటికి ఎవరు ఎంత ఇస్తారవ్వా, అన్నాను. నిట్టూర్చాను కూడా. ఆమె పాలకుర్తిలో చెల్లెలి బిడ్డ ఇంటికి పోయింది. అది గడ్డికప్పు ఇల్లు. కప్పు అంటుకుంటుందని పేలాల భట్టి పెట్టనివ్వలేదట. ఆ వయసులో నాట్లకు పోయిందని విన్నాను. కొన్నేళ్లకు చనిపోయిందనీ విన్నాను. ఆ కబురు చెప్పినతనికి చక్కెర తూస్తూ ఉన్నాను. తూకం తప్పలేదు.

పైన ఒక మాట దాటేశాను. కొమురవ్వ అంగడికి పోయిందని రాశాను. అది నాకు తర్వాత తెలిసింది. గోడ కూలినప్పుడు ఆమె ఇంట్లో ఉందో లేదో నాకు తెలియదు. పొయ్యి ముందు కూర్చునే వేళే. ఆ మట్టి కింద ఆమె ఉండవచ్చు, ఊపిరి ఆడుతూ ఉండవచ్చు. నేను పిలవలేదు. ఒక్కసారి “అవ్వా” అని పిలవలేదు. ముందు వైరు పీకాను. గడపార తెచ్చాను. స్పీకరు దాచాను. చేతులు కడుక్కున్నాను. అప్పుడు పిలిచాను, వీధిలోకి వినపడేలా, గట్టిగా.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. రాశాక తేలికగా ఉందా అంటే, కొంచెం ఉంది. మాఫీ అయినట్టు కాదు. ఇన్నేళ్లూ దొంగ తూకం వేసిన చెయ్యి ఒకసారి సరిగ్గా తూచినట్టు. ఆ చెల్లెలి బిడ్డ పిల్లలు పాలకుర్తిలో ఉన్నారట. ఆ బాకీ వాళ్లకు ఇచ్చానా? ఇంకా లేదు. ఇస్తే ఎందుకని అడుగుతారు. లెక్క మాత్రం ఇదీ.

గోడ బాగుంటే జాగా ధర ఆరు వేలు. పడిందని నేను ధర కట్టింది నాలుగు వేలు. అందులో గోడ సగానికి అయిదు వందలు పట్టుకున్నాను. ఆ గోడ నేను తిరిగి పెట్టనే లేదు, రెండిళ్లూ కలిపి గోదాము చేశాను. చెడిపోని స్పీకరుకు రెండు వందలు. ఆమె చేతిలో పెట్టింది మూడు వేల మూడు వందలు. ఇవ్వవలసింది రెండు వేల ఏడు వందలు. పందికొక్కుల మందుకు రెండు. పొయ్యి, మంగలం, ఆమె బతుకుతెరువు, వీటి ధర నాకు కట్టడం రాలేదు. నలభై ఏళ్ల వడ్డీ కట్టడం వచ్చు, ధైర్యం చాలలేదు.

ఆమె చూరు కారిన మాట నిజమే కదా, ఆ మేరకు కొంత కొట్టెయ్యవచ్చు కదా అని ఇక్కడ కలం ఆగింది. చాలాసేపే ఆగింది.

తగ్గింపు ఏమీ లేదు.