పసుపు పీట మీద బనీను

పొద్దున్నుంచి ఇంటినిండా తడి పసుపు వాసన. నా చెయ్యి మాటిమాటికీ చొక్కా గుండీలు సరిచూసుకుంటోంది.

నా చిన్నతనంలో, ఎనభైలలో, సిరొంచలో మా చిన్నాన్న పెళ్లి. ఆయన రొమ్ము ఆడవాళ్లకున్నట్టు ఎత్తుగా ఉండేది. తగ్గించుకోవాలని తెల్లవారకముందే ప్రాణహిత ఇసుకలో పరుగెత్తేవాడు. పొట్ట కరిగింది గానీ రొమ్ము కరగలేదు. పెళ్లికూతురికి భయపడి, పారిపోవడం నేర్చుకుంటున్నాడని నేననుకున్నాను.

పసుపు రాసే రోజు పీట మీద బనీనుతోనే కూర్చున్నాడు.

"ఏం మరిదీ, పెండ్లి నీకా, బనీనుకా? ఇప్పరాదూ, పసుపు రాస్తం!" అని వదినెలు నవ్వారు. చిన్నాన్న లేచి వెళ్లిపోబోయాడు.

ఎంత ఎండలోనైనా ఒంటిమీద చొక్కా తీయని మా నాన్న, అందరి ముందూ దాన్ని విప్పేసి ఆయన పక్కన కూర్చున్నాడు. అచ్చం అదే ఛాతీ.

"యాడికి పోతవ్ తమ్మీ, కూసో. జర నాకు గూడ రాయుండ్రి."

నాన్నకు మళ్లీ పెళ్లి చేస్తున్నారని నేను ఘొల్లుమన్నాను. అందరి నవ్వూ నా మీదికి మళ్లింది. ఆ సందులో చిన్నాన్న బనీను విప్పేశాడు.

నాన్న ఆస్తిలో నాకు ముందుగా అందింది ఆ ఛాతీయే. దాన్ని నేనూ భద్రంగా మా అబ్బాయికి అందించాను. ఇప్పుడు తన పెళ్లికి వాడు పసుపు పీట మీద కూర్చుని బనీను కిందికి లాక్కుంటున్నాడు.

నా చెయ్యి మళ్లీ గుండీల మీదికి పోయింది, ఈసారి విప్పడానికి.