రెండో చాప

పెద్దల ముందు మర్యాదగా నడుముకు చుట్టుకున్న చాపను కలోలైనే మళ్లీ బిగించుకుంది. వవావు దీవుల్లోని ఆ చిన్న బడిలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. తరగతి వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టరు సమిసోనీ సరేనంటే అది ఖాయమవుతుంది. కాదంటే పడవెక్కి సొంత దీవులైన హాపాయికి పోవడమే. ఈ టీచరు లెక్కలు కాదు, జూదం నేర్పుతోందని ఎవరో ఆయన చెవిన వేశారు.

నేలమీద పొడుగాటి చాప. అవతలి కొసన రంగు ఊలుతో కుట్టిన మూడు పట్టీలు. ఇవతలి నుంచి అడవితీగ గింజ విసరాలి. అది ఆగిన పట్టీని బట్టి రెండు, అయిదు, పది. ఎదుటి జట్టు గింజను కొట్టి చాప దాటిస్తే, వాళ్ల మొత్తంలోంచి ఆ గింజ విలువంత తీసెయ్యాలి. విసిరినవాళ్లే రెండు జట్ల లెక్కా పైకి చెప్పాలి. పూర్వం ఆ దీవుల దొరలు ఆడిన ఆటే. కాకపోతే, వేళ్లు మడిచినా కూడిక తేలని పిల్లలు ఇప్పుడు నోటితోనే తీసివేతలు చేస్తున్నారు.

జట్లను కలోలైనే చీటీలేసి తీసింది. పొరపాటు అక్కడే జరిగింది.

"ఒరేయ్, నీ గింజ సముద్రంలో ఈతకు పోతోందిరా!"

"నీది పట్టీ దాకా వస్తే అప్పుడు మాట్లాడు!"

వారం కిందటే నియువా దీవి నుంచి వచ్చి చేరిన ఫిలిమోనే విసిరాడు. గింజ పది పట్టీ నడిమధ్య ఆగింది. "మాకు ముప్పై ఒకటి, వాళ్లకు ఇరవై ఆరు" అన్నాడు. ఇక మిగిలింది ఎదుటి జట్టులో సీనీ గింజ ఒక్కటే. తరగతిలో అందరికన్నా గురి ఉన్న పిల్ల.

"కొట్టవే సీనీ! వాడిదాన్ని ఎగరగొట్టు! వాడు ఏడవాలి!" జట్టంతా గోల.

సీనీ కదల్లేదు. ఫిలిమోనే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పిల్ల చూసి చూసి గింజను చాప పక్కన సిమెంటు మీదికి విసిరేసింది.

"లెక్క చెప్పమ్మా" అంది కలోలైనే.

సీనీ నోరు విప్పలేదు.

"కూడిక కూడా రాదన్నమాట" అన్నాడు సమిసోనీ.

తలుపు దగ్గర, పాఠం చూడవచ్చిన పెద్దవాళ్ల వరసలో ఒక విసనకర్ర ఆగిపోయింది. అది సీనీ మేనత్త టోకిలూపేది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

"అమ్మా, మీ ఇంట్లో ఉంటున్న ఆ అబ్బాయి..." కలోలైనే ఆమె దగ్గరికి నడిచింది.

"సీనీకి పెద్దమ్మ కొడుకు. దానికి అన్న. అన్న మీదికి చెల్లెల్ని ఉసిగొల్పి, వాడు ఏడవాలని పదిమందిచేత అరిపిస్తావా? మీ హాపాయిలో ఇదేనా మర్యాద?"

హాపాయిలోనూ అన్నాచెల్లెళ్లు ఒక చాప మీద చేరరు, ఒకరినొకరు వెక్కిరించుకోరు. గింజ చెయ్యి జారిందని చెప్పి పాఠ్యపుస్తకం తెరిస్తే చాలు, ఇన్‌స్పెక్టరు ముందు గండం గడుస్తుంది. కలోలైనే ఆ పని చెయ్యలేదు. మేనత్త ఎదుట నేలమీద కూర్చుని తల వంచింది.

"తప్పు నాదమ్మా. ఎవరేమవుతారో అడక్కుండా చీటీలేశాను. పిల్లలదేం లేదు."

లేచి చాప చుట్టడం మొదలుపెట్టింది. సమిసోనీ కలానికి మూత పెట్టేశాడు.

"ఆగమ్మా" అంది టోకిలూపే. "ముందు ఆ అబ్బాయిని బయటికి పంపు. వాడి ఎదుట ఇది నోరు విప్పదు."

ఫిలిమోనే ఒక్క ఉరుకులో మాయమయ్యాడు.

"ఇప్పుడు చెప్పవే. ఎలా వేస్తే గెలిచేవాళ్లు?"

"ఆ గింజను తాకకుండా పదిలో వేస్తే మాకు ముప్పై ఆరు, అత్తా. అయిదులో వేస్తే సమానం."

"మరి వెయ్యలేదేం?"

"గురి తప్పితే తగుల్తుందిగా."

సమిసోనీ గడ్డం గోక్కున్నాడు. "జూదగాళ్లెవరూ ఇంత ఆలోచించరులే. కానీ టీచర్, ఒక్క చాప మీద అందరినీ ఆడిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను."

బడికి ఉన్నది ఆ ఒక్క చాపే. ఇంకోటి అల్లాలంటే నెలలు.

"మా ఇంట్లో ఉంది. ఎవరి చావుకో పెళ్లికో ఇవ్వాలని దాచాను" అంది టోకిలూపే విసుగ్గా. "తెప్పిస్తాను. పట్టీలు మాత్రం నువ్వే కుట్టుకో."

ఇద్దరు ఆడవాళ్లు దాన్ని భుజాన వేసుకొచ్చి గదికి ఆ చివర పరిచారు. కలోలైనే ఈసారి చీటీలు ముట్టుకోలేదు.

"ఎవరికెవరు ఏమవుతారో ముందు చెప్పండి" అంది.

ఆ చుట్టరికాలు తేలేసరికి మధ్యాహ్నం గంట కొట్టారు. ఆకలి మీదున్న సమిసోనీ ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద నిలబడే సంతకం పెట్టాడు.