పదహారు వరసల ఆదివారం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పనినైనా ఎక్సెల్ షీటులో వరసలుగా విడగొట్టి, ఒక్కో వరసకీ మొదలయ్యే సమయం, ముగిసే సమయం, బాధ్యుడి పేరు రాసేస్తే సగం పని అయిపోయినట్టేనని. (మిగతా సగం ఎవరు చేస్తారన్నది మా శాఖ కిందికి రాదు.) అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరుని, బ్నీద్ అల్ గార్‌లో రెండు గదుల ఫ్లాటు, పెళ్లయి ఏడాది. కూరగాయలకు వెళ్లినా చేతిలో చార్టు ఉండేది. ఇప్పుడా కుర్రవాణ్ణి తల్చుకుంటే జాలేస్తుంది. అతని మీద కాదు, అతనితో కూరగాయలకు వెళ్లిన మా ఆవిడ మీద.

మా మావగారిది అమలాపురం. అహ్మదిలోనే ఒక ఆయిల్ కంపెనీ రవాణా విభాగంలో ముప్ఫై ఏళ్లు సూపర్‌వైజరుగా చేశారు. క్వార్టర్ల నుంచి ప్లాంట్లకు మనుషుల్ని మోసే బస్సులన్నీ ఆయన కనుసన్నల్లో కదిలేవి. ఆయన బస్సు ఐదూ నలభైకి అంటే ఐదూ నలభైకే. చేతి గడియారం ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు. ఆయన సంగతి తెలిసిన డ్రైవర్లు పది నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు. అలాంటి మనిషి రిటైరై, ఇఖామా అనే నివాస అనుమతి రద్దు చేయించుకుని దేశం వదిలి వెళ్లే ముందు ఒక బహుమతి ఇద్దామని, మా ఆవిడా నేనూ కూడబలుక్కుని కరీబియన్ సముద్రంలో తిరిగే ఓడకి నలుగురికీ టికెట్లు తీసుకున్నాం.

ఆ ఓడ రెండు దీవుల దగ్గర ఆగుతుంది. ఒకటి శుక్రవారం, రెండోది ఆదివారం. దిగినవాళ్లు ఓడవాళ్లే ఏర్పాటు చేసే టూరుకి వెళ్లొచ్చు, లేదా ఎవరి దారిన వాళ్లు తిరిగి రావచ్చు. సాయంత్రం నాలుగున్నరకల్లా ఓడెక్కాలి, రానివాళ్ల కోసం ఓడ ఆగదు. ఇది చదవగానే మావగారికి ఆ ఓడ కంపెనీ మీద గౌరవం కలిగింది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన తన కోరిక బయటపెట్టారు. ఏదో ఒక దీవిలో టూరు కారు కాకుండా అక్కడి జనం ఎక్కే మామూలు బస్సెక్కాలట. "ముప్ఫయ్యేళ్లు బస్సులు పంపడవే గానీ, కిటికీ పక్కన కూర్చుని వెళ్లింది లేదండి అల్లుడుగారూ. ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ రావాలి. అంతే," అన్నారు. తర్వాత మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "ఆ రోజు ప్లాను మీరే వెయ్యండి. నేను వేలు పెట్టను," అన్నారు. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్లి భోజనాల వరసలు కూడా తానే దగ్గరుండి వేయించిన మనిషి, ఒక రోజుని ఇంకొకడి చేతికివ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అల్లుడిగా నా భవిష్యత్తంతా ఇక ఆ బస్సు మీదే ఆధారపడి ఉందని నాకు అర్థమైంది.

ఏ దీవిలో సొంతంగా తిరగాలన్నది మొదటి ప్రశ్న. అది మావగారూ నేనూ అర నిమిషంలో తేల్చేశాం. శుక్రవారం ఎక్కడైనా దుకాణాలు తెరిచేసరికి సాయంత్రమవుతుంది, బస్సులు కూడా తక్కువ తిరుగుతాయి, కాబట్టి ఆ రోజు ఓడవాళ్ల టూరుకి వెళ్లిపోవడం క్షేమం. ఆదివారమైతే ఫుల్ వర్కింగ్ డే. ఆఫీసులు, బజార్లు, బస్సులు అన్నీ మంచి ఊపులో ఉంటాయి. మావగారు తల ఊపారు. వంటింట్లోంచి మా అత్తగారు మాత్రం, "అక్కడందరూ చర్చికెళ్లేవాళ్లేమో కదా బాబూ, ఆదివారం పనులు చేస్తారంటారా?" అని అడిగారు. నాకు కాస్త నవ్వొచ్చింది. చర్చికెళ్లేవాళ్లు వెళ్లేది శుక్రవారమే కదండీ అని వివరించాను. మా కింది ఫ్లాటు కేరళవాళ్లు నా కళ్లెదుటే ప్రతి శుక్రవారం ఇస్త్రీ బట్టలేసుకుని చర్చికి వెళ్తుంటారు. ఇంతకన్నా రుజువేం కావాలి? మావగారు కూడా, "శుక్రవారమేనే," అని ఖాయం చేశారు. అత్తగారు పప్పు గిన్నె మీద మూత పెట్టేశారు.

ఊరికే ఊహల మీద ప్లాను వేసే రకాన్ని కాను నేను. ఆ దీవి పర్యాటక కార్యాలయానికి ఒక శుక్రవారం తీరిగ్గా కూర్చుని మెయిలు రాస్తే, గంట తిరక్కుండా జవాబొచ్చింది. బస్సులు రేవు పక్క స్టాండు నుంచి అరగంటకొకటి, అవతలి కొసకి గంటా పది నిమిషాలు. సెలవు రోజున కూడా కూర్చుని పనిచేస్తున్నారు పాపం అని ఆ దీవివాళ్లని తెగ మెచ్చుకున్నాను. ఒక ఆదివారం ఆఫీసు నుంచి రాసిన రెండో మెయిలుకి మాత్రం ఆ రోజు జవాబు రాలేదు. వారం మొదటిరోజు కదా, పని ఒత్తిడి ఉంటుందనుకున్నాను. ఈ రెండు సంగతులూ మావగారికి చెబితే ఆయన కూడా రెండింటికీ తలూపారు. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరికీ వృత్తి ప్లానింగే.

మొత్తం పదహారు వరసలు వచ్చాయి. ఎనిమిదింబావుకి ఓడ దిగుట, ఎనిమిదిన్నరకి బజారు, తొమ్మిదీ నలభైకి బస్సు స్టాండు, పదింటికి బస్సు, ఆ కొసన జలపాతం, భోజనం, తిరుగు బస్సు, కోట, నాలుగింటికి ఓడ ఎక్కుట. బాధ్యుడన్న గడిలో పదిహేను చోట్ల నా పేరు, ఒక్కచోట అత్తగారి పేరు (మంచినీళ్ల సీసాలు). వేలు పెట్టనన్న మావగారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తొమ్మిదీ నలభైని కొట్టేసి తొమ్మిదీ ముప్ఫయ్యైదు చేశారు. బస్సు దగ్గర ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండాలట. కింద సంతకం పెట్టి తారీఖు వేశారు. నా చదువుకి యూనివర్సిటీ ఇచ్చిన పట్టా కన్నా ఆ సంతకం నాకు ఎక్కువ ఆనందాన్నిచ్చింది.

రెండు విమానాలు మారి వెళ్లి ఓడెక్కాం. శుక్రవారం దీవిలో ఓడవాళ్ల టూరులో తిరుగుతూ, ఇక్కడ ఇవాళ కూడా దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయే అని మా ఆవిడ అంది. ఓడలు వచ్చే ఊరు కదా, మన కోసం తెరిచి ఉంటారని నేను చెప్పాను. ఆ క్షణంలో కూడా నాకు బుర్ర వెలగలేదని ఇక్కడ నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

ఆదివారం పొద్దున్న గదిలో అందరినీ నిలబెట్టి, మా సైటు మీద పని మొదలయ్యే ముందు చెప్పినట్టే జాగ్రత్తలన్నీ చెప్పాను. ఎవరైనా తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు, ఎండ, నీళ్లు, జారే రాళ్లు. అత్తగారు మధ్యలో ఒకసారి ఆవలించారు. ఎనిమిదింబావుకి, రెండు నిమిషాలు ముందే, రేవులో కాలు పెట్టాం. మొదటి వరసకి ఎదురుగా టిక్కు పెట్టాను. ఆ రోజు నేను పెట్టిన టిక్కు అదొక్కటే.

రేవు దాటి వీధిలోకి వచ్చేసరికి ఎటు చూసినా షట్టర్లు. బజారుకి ఇనప గేటు, గేటుకి తాళం, గేటు ముందు నిద్రపోతున్న కుక్క. ఇంకా పొద్దు పొడవలేదనుకుందామంటే ఎండ మాడ్చేస్తోంది. దూరంగా ఎక్కడో జనం గొంతు కలిపి పాడుతున్నారు. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని హడావిడిగా వెళ్తున్న ఒక పెద్దాయన్ని ఆపి బజారు ఎన్నింటికి తెరుస్తారని అడిగితే, ఆయన నన్ను ఎగాదిగా చూసి, రేపు అన్నాడు. నేను షీటు వైపు చూశాను. రేపు అన్న గడి అందులో లేదు.

ముందు బస్సు సంగతి చూద్దామని స్టాండుకి నడిచాం. రేకుల కప్పు, రెండు బల్లలు ఉన్నాయి గానీ బస్సన్నది లేదు. మావగారు టైంటేబులు బోర్డు ముందు నిలబడి, పైనుంచి కిందిదాకా చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. అప్పుడు నా వైపు తిరిగి, ఎవరికో సంతాపం చెబుతున్నంత నెమ్మదిగా అన్నారు.

"అల్లుడుగారూ, ఇవాళ వీళ్లకి శుక్రవారమండి."

ఆ మాటతో నా తలలో ఇరవై ఏళ్ల పాటు మా ఊళ్లో గడిపిన ఆదివారాలన్నీ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. బడి సెలవు, తలంట్లు, మూసేసిన పోస్టాఫీసు. ఇవన్నీ తెలిసిన మనిషినే నేను. ఐదేళ్ల కువైట్ ఉద్యోగం, దాని శుక్రవారం సెలవులూ వాటి మీద నున్నగా సిమెంటు చేసేశాయి. ఆయనకైతే ముప్ఫై ఏళ్లు. నాకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా బాధేసింది. ఆ మనిషి అడిగింది ఒక్క బస్సు. దాని కోసం దాదాపు సగం భూమి చుట్టొచ్చి, అది తిరగని ఒకే ఒక్క రోజున పట్టుకొచ్చి నిలబెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనని సందర్భాలు మా కాపురంలో రెండో మూడో ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది.

అత్తగారు కూడా "నేను ముందే చెప్పాను కదా" అనలేదు. "వానొచ్చేలా ఉంది, ఆ చర్చి అరుగు మీద కూర్చుందాం పదండి," అన్నారు. వెళ్లి కూర్చున్నాం. నిజంగానే వానొచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. నేను షీటుని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను. మావగారు వాన చూస్తూ, ఇలాంటి రోడ్లకి టైర్లు ఎన్నాళ్లొస్తాయో అన్నారు. నా మనసు తేలిక చేయడానికి అన్న మాట అది. దాంతో అది ఇంకాస్త బరువెక్కింది.

పాటలు, ప్రసంగాలు అన్నీ అయి జనం బయటికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట కావొచ్చింది. పెద్ద పూల టోపీ పెట్టుకున్న ఒకావిడ మా దగ్గర ఆగి, దారి తప్పారా అని అడిగింది. నేను ఇంగ్లీషులో విషయమంతా మొదటి నుంచీ వివరించబోయాను. (శుక్రవారం సంగతి చెప్పకుండా ఈ కథ చెప్పడం కష్టం, చెబితే ఇంకా కష్టం.) మా అత్తగారు నన్ను పక్కకి జరిపారు. కువైట్‌లో ముప్ఫయ్యేళ్లు ఫిలిప్పీన్సువాళ్లతో, బంగ్లాదేశ్‌వాళ్లతో మాట్లాడి నెగ్గుకొచ్చిన భాష ఆవిడది. మావగారిని చూపించి, "మై హస్బెండ్. థర్టీ ఇయర్స్ బస్. టుడే వాంట్ బస్. నో బస్. ఖలాస్," అని రెండు చేతులూ దులిపేశారు.

నేను పదహారు వరసల్లో చేయలేని పని ఆ నాలుగు ముక్కలతో అయిపోయింది. చర్చికి ఒక పాత బస్సు ఉందట, ముసలివాళ్లని ఇళ్ల దగ్గర దింపడానికి. దీవి చుట్టూ తీరం వెంట తిరిగి మళ్లీ రేవు దగ్గరికే వస్తుందట. డ్రైవరు మావగారి వృత్తి తెలుసుకుని ముందు సీటు చూపించాడు. మావగారు ఆ సీటుకి దండం పెట్టి, వెనక వరసలో కిటికీ పక్కకి వెళ్లి కూర్చున్నారు.

ఆ బస్సుకి టైమంటూ లేదు. ఇంటింటి దగ్గరా ఆగుతుంది. దిగే ముసలావిడ గుమ్మం ఎక్కేదాకా డ్రైవరు చూస్తాడు, ఎవరో అరటిగెల ఎక్కిస్తారు, మూడిళ్ల అవతల దింపుతారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ. మావగారు మొదటి అరగంట చిన్నపిల్లాడిలా చూశారు. ఆ తర్వాత ఆయన తల కిటికీకి ఆనింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నాన్న బస్సులో నిద్రపోవడం ఇదే చూడ్డం," అంది. నాకూ ఏదోలా అయింది. కానీ ఆ ఏదోలా అవడాన్ని పూర్తిగా అనుభవించే తీరిక లేదు, ఎందుకంటే టైము మూడూ యాభై, రేవు ఇంకా రెండూళ్ల అవతల ఉంది, డ్రైవరు బండి ఆపి ఎవరింట్లోనో నిమ్మరసం తాగుతున్నాడు.

నాలుగూ ఐదుకి ఇక ఆగలేక లేచాను. ఓడ సంగతి డ్రైవరుకి గట్టిగా చెబుదామని రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి, కళ్లు తెరవకుండానే, మావగారి మాట వినిపించింది.

"కూర్చోండి అల్లుడుగారూ. బండి నడిపేవాణ్ణి టైము అడక్కూడదు."

ముప్ఫై ఏళ్లు బండి నడిపేవాళ్లని అది తప్ప ఇంకేమీ అడగని మనిషాయన. నేను కూర్చున్నాను.

నాలుగూ ఇరవైకి రేవులో దిగాం. పరిగెత్తి ఓడ మెట్లెక్కాక, మావగారు నా జేబులోంచి ఆ నాలుగు మడతల కాయితం అడిగి తీసుకున్నారు. మధ్యలో పధ్నాలుగు వరసల మీద అడ్డంగా ఒక గీత గీశారు. చిట్టచివరి వరసలో, "ఓడ ఎక్కుట 4.00" అన్నచోట, ఎర్ర పెన్నుతో 4.24 అని వేసి, "ఓకే" అని రాసి సంతకం పెట్టారు. నాకు తెలిసి ఇరవై నాలుగు నిమిషాల ఆలస్యాన్ని ఆయన మంజూరు చేయడం అదొక్కసారే. తిరిగొచ్చిన రెండు నెలలకి వాళ్లిద్దరూ అమలాపురం వెళ్లిపోయారు.

ఆ కాయితం ఇప్పటికీ నా దగ్గరుంది, పాత ఇఖామా కాపీల ఫైలులో. ఆఫీసులో ఇప్పుడు నేను పెద్దవాణ్ణి. సెలవులకి ఎక్కడికైనా వెళ్లబోయే కొత్త ఇంజనీర్లు తమ ప్లాన్లు చూపిస్తుంటారు, రంగురంగుల వరసలతో. నేను ఒక్కటే అడుగుతాను, ఆ దేశంలో శుక్రవారం ఏ రోజున వస్తుందని. వాళ్లు నన్ను ఆ టోపీ పెద్దాయన చూసినట్టే ఎగాదిగా చూస్తారు.

మొన్న శుక్రవారం మావగారికి ఫోను చేశాను. ఇవాళ సెలవు కదా అని అలా బస్సెక్కి రాజోలు దాకా వెళ్లొచ్చానండి అన్నారు. రిటైరైన మనిషికి, అదీ అమలాపురంలో, శుక్రవారం సెలవేమిటని నేనడగలేదు. ఎన్నింటికి ఇల్లు చేరారని మాత్రం అడిగాను, నా అలవాటు నాది. చూసుకోలేదండి అన్నారు.