కుట్లు మానిన తలతో కడప పెళ్లికి

ఈ ప్రయాణం పిండిమిషన్ దగ్గర మొదలైంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేనక్కడ ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేదాన్ని. ఒక సాయంత్రం జొన్నలు ఆడించుకోవడానికి పోయి, కింద ఒలికిన గింజలు ఎత్తుకుందామని వంగాను. జడ తిరుగుతున్న బెల్టులో పడింది. మిషన్ ఆపేలోపల నడినెత్తి మీద అరచేయంత చర్మం జడతోబాటు ఊడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు తలంతా గొరిగించి, పక్కనున్న వెంట్రుకల చర్మాన్ని నడినెత్తి మీదికి తిప్పి కుట్టారు. అట్లా ఖాళీ అయిన చోట, ఎడమ చెవి వెనక, తొడ మీది చర్మం తీసి అతికించారు. "పైన మళ్ళీ మొలుస్తుంది. చెవి వెనక మాత్రం మొలవదు. దాన్ని కప్పుకోవడం అలవాటు చేసుకోవాలి," అన్నారు. ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు కడప నుంచి మా మేనమామ వచ్చి, చెల్లెలు కమలకు పెళ్లి కుదిరిందని చెప్పాడు. పోతూ పోతూ అమ్మ చెప్పి పంపిన మాట కూడా చెప్పాడు: "రుక్మిణి రావాల్సిందేనంట. తలకు ఏదో ఒకటి పెట్టుకొని రమ్మనింది."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆసుపత్రికి రాలేదు, నాన్నే వచ్చి చూసిపోయాడు. చూడకుండానే అమ్మ నన్ను కప్పిపెట్టాలనుకుంటోందని అనిపించింది. అయితే ఆమె భయం నాకు తెలియనిది కాదు. బోడితలతో ఆడమనిషి పెళ్లింట్లో తిరిగితే ఆ రోజుల్లో ముందు చూసేది మెడలో తాళి ఉందా లేదా అని. ఉంటే, ఎందుకిట్లా అని అడుగుతారు. పెళ్లికొడుకు వాళ్లు మాకు కొత్త చుట్టాలు.

మా ఆయన తల్లి, మా అత్తమ్మ, ఈ సంగతిని తన భుజాన వేసుకుంది. దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను చుట్టగా చుట్టి గోడసందులో దాచుకోవడం అప్పట్లో ఆడవాళ్లందరికీ అలవాటు. అత్తమ్మ తన చుట్టలతోబాటు మా వీధి ఇళ్లన్నీ తిరిగి అడిగి తెచ్చి, సవరాలు కట్టే ఆమె చేత పొడుగాటి సవరం కట్టించింది. ఒకచోట నల్లగా, ఒకచోట ఎర్రగా, అక్కడక్కడ నెరిసి ఉండేది. ముడి వేయడానికి నా తల మీద ఉన్నది కోసిన జొన్నచేలో మోళ్లంత వెంట్రుకలే. అందుకని పాత మల్లుగుడ్డతో తలకు సరిపడే టోపీ కుట్టి, దానికి సవరం కుట్టేశాను. పైన చెరగు కప్పుకుంటే, దూరం నుంచి చూసేవాళ్లకు జడే.

వైశాఖ మాసం. మా ఆయనకు ఆఫీసులో సెలవు దొరక్క ముహూర్తం నాటికి వస్తానన్నాడు. నేనూ అత్తమ్మా రెండు రోజులు ముందు బయలుదేరాము. కడప బస్సు కర్నూలులో తెల్లవారి ఆరుకు కదులుతుంది. చార్జీ మనిషికి నాలుగు రూపాయలకు అటూ ఇటూ. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా పోయి, దారిలో ఏమీ చెడకపోతే నాలుగు గంటలకు కడప చేరుస్తుంది. బస్సు దక్షిణంగా పోతుంది కాబట్టి పొద్దున ఎండ ఎడమపక్క కిటికీల్లో పడుతుంది. కుట్లు మానిన కొత్త చర్మానికి ఎండ తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. కండక్టరును అడిగి కుడిపక్క సీటు తీసుకున్నాము. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేసరికి ఎర్రదుమ్ము లోపలికి కొట్టడం మొదలైంది. చెరగు ముక్కు దాకా లాక్కున్నాను. బట్ట కింద తల చెమటతో తడిసి, సవరం కుట్టిన టోపీ అంచు చెవి వెనక ఒరుసుకుంటోంది.

నంద్యాలలో బస్సు అరగంట ఆగింది. స్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా పెట్టారు. బొరుగులు మెత్తగా నాని, పప్పులపొడి ఘుమఘుమలాడుతూ ఉంది. ఆ దారిన పోయేవాళ్లు అది తినకుండా పోవద్దు. అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది. నాకు మాత్రం నోటికి రుచి తెలిసినా మనసు చెవి వెనకే ఉంది.

"ఏమే, తినకుండా తల పట్టుకోని కూచున్నావు. మంట పుడతాండాదా?" అనింది అత్తమ్మ.

"కొంచెం. కడప చేరేదాకా ఓర్చుకుంటా."

"ఓర్చుకునేది ఎవురి కోసరమో," అని ఆమె చేయి కడుక్కోవడానికి లేచింది.

నంద్యాల దాటినాక దారి బాగుంటుంది. ఎడమపక్క నల్లమల నీలంగా సాగుతూ వస్తుంది. కాలువ పారినన్నాళ్లు పచ్చగా ఉండే చేలు వేసవిలో గోధుమరంగుకు తిరిగి, మేకల మందలు తప్ప ఏమీ కదలవు. అంత మంటలోనూ ఆ కొండలను చూస్తుంటే హాయిగా ఉండింది. ఆసుపత్రి గోడలు చూసీ చూసీ విసిగిన కళ్లకు ఆ దూరం కావలసివచ్చింది.

ఆళ్ళగడ్డలో భోజనానికి ఆగాము. హోటలు వెనక పెరట్లో వంటచేసే ఆమె, షేకున్‌బీ అంట పేరు, కుండలో నీళ్లు చూపించింది. అక్కడ నీడలో చెరగు తీసి టోపీ విప్పబోతే గుడ్డ చర్మానికి అంటుకుని వచ్చింది. అత్తమ్మ చూసింది. ఇంత గుడ్డ తడిపి, అంటుకున్నచోట ఆనించి, మెల్లగా విడదీసింది. చెవి వెనక అతికించిన చర్మం కంది, చెమ్మ ఊరుతోంది. షేకున్‌బీ దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఏం తగిలినాది తల్లీ?"

చెప్పాను.

"ఇంత పచ్చిగా ఉంటే దాని మీద ఇంత బరువు మోస్తాండావే. ఎందుకమ్మా?"

"పెళ్లికి పోతాండాము. జడ లేకుంటే బాగుండదని."

ఆమె లోపలికి పోయి, ఉతికి ఆరేసిన తెల్ల మల్లుగుడ్డ తెచ్చి ఇచ్చింది. నమాజుకు తలకు కట్టుకునేదంట. "ఇది మెత్తంగా ఉంటాది. గట్టిగా బిగించొద్దు," అనింది. వద్దన్నా వినలేదు.

అత్తమ్మ ఆ గుడ్డను నా తలకు చుట్టి, ముడి నెత్తి మీద గాక మెడ మీద వేసింది. పైన చెరగు కప్పింది. ఉత్త తల మీద జారిపోయే చెరగు ఈ గుడ్డ మీద చక్కగా నిలిచింది. సవరాన్ని సంచిలో పెట్టేశాను.

"కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చినామని చెప్దాం," అనింది అత్తమ్మ. "ఎవురూ మాట్లాడరు."

"మొక్కనిది మొక్కినామని ఎట్లా చెప్తాము అత్తా?"

"అట్లయితే నిజమే చెప్పు. నీ ఇష్టం. ఆ టోపీ మాత్రం మళ్లా పెట్టొద్దు. తల చెడితే నేను డాక్టరుకు యాడ జవాబు చెప్పేది?"

మధ్యాహ్నం ఎండ కుడిపక్కకు తిరిగింది కాబట్టి ఎడమపక్కకు మారి కూర్చున్నాము. చాగలమర్రి, దువ్వూరు దాటి మైదుకూరు వచ్చేసరికి నేను నిద్రపోయాను. ఆపరేషన్ తర్వాత పగటిపూట అట్లా నిద్రపట్టడం అదే మొదలు. చెన్నూరు దగ్గర పెన్న దాటేటప్పుడు అత్తమ్మ లేపింది.

ఇల్లు చేరేసరికి పందిరి వేస్తున్నారు. అమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, నా తలగుడ్డ వైపు చూసి, "సవరం తెచ్చినావా?" అని అడిగింది.

"సంచిలో ఉండాది."

"రాత్రికి పెళ్లికొడుకు మేనత్త వస్తాది. పెట్టుకో."

నేను ఆమెను లోపలి గదిలోకి పిలిచి, గుడ్డ విప్పి కూర్చున్నాను. అమ్మ నా వెనక్కి వచ్చింది. ఆమె వేళ్లు చెవి వెనక చర్మం చుట్టూ, తగలకుండా, తిరిగాయి. "మీ నాయన దెబ్బ తగిలిందనే చెప్పినాడు. ఇంత అని చెప్పలే," అనింది. గుడ్డ తనే చుట్టింది.

దీపాలు పెట్టే వేళకు మేనత్త ఓబులమ్మ నలుగురైదుగురు ఆడవాళ్లతో, ఆడపిల్లలతో వచ్చింది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు. పానకం అందిస్తుంటే నా తలగుడ్డ చూసి, "కొండకు పోయొచ్చినావా మా?" అని అడిగింది. అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపల వాకిట్లో నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కొండకు గాదొదినా. పిండిమిషన్‌లో జడ పడి నెత్తి తోలు ఊడొచ్చింది. డాక్టరు మళ్లా కుట్టినాడు. దీని మొగుడు దుక్కమాదిరి ఉండాడు, ఎల్లుండి వస్తాడు. నీకు తెలియాలని చెప్తాండా."

ఓబులమ్మ పానకం గ్లాసు పక్కన పెట్టింది. "మా ఊర్లో ఒక పిల్ల అట్లనే పడింది. బతకలే," అని, నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు బతికి చెల్లెలి పెళ్లికి వచ్చినావు. ఇంకేం గావల్ల మాకు?" తర్వాత తనతో వచ్చిన పిల్లల జడలు చూసి, మిషన్‌కు పోయేటప్పుడు ముడి చుట్టుకోవాలని అక్కడికక్కడే చెప్పింది.

పెళ్లిరోజు తెల్లవారి కమల తన జడ నేనే వేయాలని పట్టుబట్టింది. చిన్నప్పటి నుంచి దాని తల నేనే దువ్వేదాన్ని. దాని జుట్టు సన్నం, పూలజడ బరువు ఆగదు. టోపీ కుట్లు విప్పి, సవరం దాని జుట్టులో కలిపి అల్లాను. మల్లెలు గుచ్చితే ఎర్రవీ నెరిసినవీ ఏమీ కనబడలేదు. మా ఆయన పొద్దెక్కాక వచ్చాడు. పెళ్లికొడుకు పందిట్లోకి వచ్చినప్పుడు హారతి పళ్లెం అమ్మ నా చేతికే ఇచ్చింది.

ఆ ఏడాది తిరిగేసరికి నా నెత్తి మీద వెంట్రుకలు వేలెడు పొడుగయ్యాయి. అన్నిపక్కలా సమంగా కత్తిరించుకుంటూ, పాపిడి కుడివైపు తీసి, ఎడమ చెవి మీదికి దువ్వుకోవడం నేర్చుకున్నాను. అతికించిన చర్మానికి తనంతట తనకు తడి ఉండదు. మానిన తర్వాత రోజూ కాస్త కొబ్బరినూనె వేలితో అద్దేదాన్ని, ఇప్పటికీ అద్దుతున్నాను. ఆ ప్రయాణం తలచుకుంటే మంట గుర్తు రాదు. అమ్మ నన్ను చూసి సిగ్గుపడుతోందని దారి పొడవునా అనుకున్నాను. ఆమెకు ఉన్నది నలుగురు అడిగితే ఏం చెప్పాలో తెలియని భయం. నా తల కళ్లారా చూసినాక ఆమెకు ఆ మాట దొరికింది, నాకంటే ముందు దొరికింది. నాకు అది చాలు.

ఇప్పుడు జుట్టు నాటించుకుని, తల పచ్చిగా ఉండగానే పెళ్లికో పేరంటానికో బయలుదేరేవాళ్లకు ఒక్క మాట. ఏ గుడ్డ కట్టాలి, ఏ పక్క కూర్చోవాలి అన్నవి తర్వాత. ఇల్లు కదిలేముందు ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని, మీ తల వెనకభాగాన్ని మీరే నింపాదిగా ఒకసారి చూసుకోండి. నేను చూసుకోకుండా బస్సెక్కాను.