మేం కొట్టేసిన ఈతవనం

మొన్న కోదాడలో ఒక సభకు పిలిచి నా భుజాన శాలువా కప్పారు. ఊరికే కప్పి పంపినా బాగుండేది. మైకు పట్టుకున్న కుర్రవాడు, నిజాం కాలంలో ఈత చెట్లు నరికి సర్కారు ఆబ్కారీ ఆదాయానికి గండి కొట్టిన వీరుడని నన్ను మెచ్చుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు, నేను తల వంచుకుని నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. వినయమనుకున్నారు కాబోలు. అది సిగ్గు. నా ఈడువాళ్లు ఎవరైనా ఇంకా మిగిలి ఉంటే, ఆ సిగ్గు ఎందుకో వాళ్లకైనా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా ఊరు సూర్యాపేటకూ కోదాడకూ నడుమ వాగు ఒడ్డున ఉంది. ఆ ఒడ్డు పొడుగునా ఈతవనం ఉండేది. కల్లు కోసం దాన్ని గీసేది, మేం ఊరి వరసకు మామ అని పిలిచే గౌడాయన. చెట్టును ఈ ఏడు ఒక వైపు గీస్తే వచ్చే ఏడు అవతలి వైపు గీయాలి, అలసిన చెట్టును కొన్నాళ్లు ముట్టకూడదు అనేవి ఆయనకు తాతల నాటి కట్టుబాట్లు, ఆ గీతల మెట్లు లెక్కపెట్టి ఏ చెట్టు వయసెంతో చెప్పేవాడు. అత్త ఆ ఆకులతో చాపలూ చీపుర్లూ అల్లి ఊరందరికీ ఇచ్చేది. ఎండాకాలం వస్తే ఈతపండ్ల కోసం పిట్టలతో పోటీపడి ముళ్లు గుచ్చుకున్న చేతులు మావి, ఆ చేతులతోనే తరువాత చేసిన పని ఇది.

నిజాం పాలన చివరి రోజులవి. నాకు పంతొమ్మిదేళ్లు, సూర్యాపేటలో చదువు మానేసి వచ్చి ఊళ్లో నాయకుడిలా తిరుగుతున్నాను. కల్లు పన్ను మీదే సర్కారు బతుకుతోంది, చెట్లు కొట్టేస్తే దాని నడుం విరుగుతుంది అని ఎవరో పెద్దలు చెప్పిన మాట నా నెత్తికెక్కింది. ఒక పొద్దున పటేళ్ల ఇళ్ల కుర్రాళ్లందరినీ వెంటబెట్టుకుని, గొడ్డలి పట్టుకుని ఒడ్డుకు వెళ్లాను.

మామ అడ్డం వచ్చాడు. “అల్లుడా, సర్కారు మీద కోపముంటే సర్కారును కొట్టు, చెట్టేం జేసింది? గీ చెట్ల ఏర్లే ఒడ్డును పట్టుకొనున్నయ్, ఇయి పోతే వాగు ఊర్లకొస్తది” అన్నాడు. మా నాయన ఈడు మనిషి, నా కాళ్లు పట్టుకున్నాడు. నువ్వు సర్కారు మనిషివని అందరి ముందూ అని, ఆయన్ని పక్కకు తోసేశాను. మూడు రోజులు నరికాం, చెట్లకు కట్టిన కల్లు లొట్లు పగలగొట్టాం. ఇంకో మాట కూడా దాచను. మా చెలక గట్టున ఉన్న తాటి చెట్ల జోలికి మాత్రం వెళ్లలేదు. ఇంటి దూలాలకు పనికొస్తాయని మా నాయన అంటే నాకూ సబబుగానే తోచింది. మా దేశభక్తి మా గట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సర్కారు పోయింది, కొత్త సర్కారు వచ్చి కల్లు మీద మళ్లీ పన్ను వేసుకుంది. మరుసటి వానాకాలం వాగు పొంగినప్పుడు పట్టి ఉంచే వేళ్లు లేక ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడి, అంచున ఉన్న మామ గుడిసే, దాని వెనకున్న కాస్త చెలకా కొట్టుకుపోయాయి. మా పొలానికి మా నాయన కూలీలను పెట్టి రాతికట్ట కట్టించాడు. మామ పెళ్లాంపిల్లలతో మిర్యాలగూడ వెళ్లి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు.

పది పన్నెండేళ్ల తరువాత వడ్లు తోలుకుని ఆ మిల్లుకే వెళ్తే కనిపించాడు. వీపు మీది బస్తా దించి నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు, పాత మాట ఎత్తలేదు. “గింజలు పడి ఒడ్డుకు ఈత మళ్ల మొల్సిందా అల్లుడా?” అని అడిగాడు. అసలు ఒడ్డే లేదు, అయినా మొలిచింది మామా, గీతకు కూడా వచ్చింది అనేశాను. ఆయన ముఖం వికసించడం చూసి, మంచి పనే చేశాననుకున్నాను.

ఆ చలికాలం ఆయన కత్తి నూరుకుని, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని మిర్యాలగూడ నుంచి నడిచి వచ్చాడు. నేను మా జొన్నచేలో ఉండి చూశాను. ఒడ్డు ఉండాల్సిన చోట ఇసుక మేటల మీద చాలాసేపు నిలబడ్డాడు, పైకీ కిందికీ చూశాడు, చోటు మరిచిపోయానేమోనన్నట్టు ఇంకొంచెం ముందుకు నడిచి మళ్లీ చూశాడు. ఎదురు వెళ్లి తప్పయింది మామా అనడానికి, కనీసం ఇంటికి పిలిచి మంచినీళ్లివ్వడానికి కూడా ధైర్యం చాలక, నేను జొన్నల మధ్య ఒదిగి కూర్చున్నాను. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ వాగులో నీళ్ల కన్నా లారీలే ఎక్కువ తిరుగుతున్నాయి. ఇసుక తోడేవాళ్లను పెద్దమనిషిగా నువ్వే నిలదీయమంటారు మనవలు. నిలదీస్తే వాళ్లు ఆగరు సరే, మొదటి దెబ్బ ఎవరిదని అడిగితే నేనేం చెప్పను? ఆ రోజుల్లో చెట్టు కోసం సాటి మనిషి కాళ్లు పట్టుకునేవాడు ఊరికి ఒక్కడైనా ఉండేవాడు. ఆ ఒక్కణ్నీ ఊరు దాటించింది నేనే.