తాండూరు రాయి మీద తడి చక్రాలు

ముందే చెబుతున్నాను, ఇది జరిగింది. ఒట్టు పెట్టొచ్చు, కానీ మా ఇంట్లో నా ఒట్లకి విలువ పోయి చాలా కాలమైంది. ఇంతకుముందు ఎవరు దయ్యం సంగతి మొదలుపెట్టినా, "దానికి ఆధార్ ఉందా" అని అడిగి మధ్యలోనే చెడగొట్టేవాణ్ణి. ఇప్పుడు నేను చెప్తుంటే అందరూ నన్ను అదే అడుగుతున్నారు. సరే, అడగండి. కానీ చివరిదాకా వినండి.

మా మామకి తాండూరులో నాపరాయి పాలిష్ చేసే చిన్న యూనిట్ ఉంది. బండలు కోసి, రుద్ది, అద్దంలా మెరిపించి పంపుతాడు. మెరిపించడం ఆయనకి వ్యాపారం కాదు, జబ్బు. ఇంట్లో బట్టలుతికే బండ కూడా మెరుస్తుంది. ఒకసారి తాతకి ప్రేమగా గొర్రెల దొడ్డి ముందు కూడా పాలిష్ బండలు పరిచాడు. వానాకాలం మొదటి రోజే మంద మొత్తం బోర్లా పడింది. తాత కర్ర పట్టుకుని మామ వెంటపడ్డాడు. అయినా మామ మారలేదు. గొర్రెలకి నడక రాదన్నాడు.

ఆయన కూతురు మాధవి. నాకంటే పెద్దది, కాబట్టి నాకు వదిన. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. తనని చూసి "పాపం" అన్నవాళ్ళు ఒక నిమిషం మాట్లాడితే చాలు, తర్వాత పాపం వాళ్ళే.

కాలేజీలో ఉన్నప్పుడు వదిన వాళ్ళ క్లాసు సముద్రం ఒడ్డున ఒక పాత రేవు చూడటానికి వెళ్ళింది. అక్కడ పాత ఓడల మ్యూజియం ఉంది. లోపల ఒక పెద్ద తెరచాప ఓడ, లంగర్లు, దిక్సూచులు. బయట మాత్రం ఎత్తయిన మెట్లు. నలుగురు అబ్బాయిలు కుర్చీతో సహా ఎత్తుకుపోతామన్నారు. వదిన ఒప్పుకోలేదు. "నన్ను మూటలెక్క మోస్తే తప్ప కనిపియ్యని ఓడ నాకొద్దు" అని మెట్ల కింద కూర్చుంది. అందరూ ఓడ చూసొచ్చారు. వదిన టికెట్లు చింపే ఆయన ముఖం చూసింది. చాలా సేపు చూసిందట. ఇప్పటికీ బొమ్మ గీయగలదట.

ఆ తర్వాత మ్యూజియం వాళ్ళకి మెయిల్ మీద మెయిల్ పెట్టింది. వాళ్ళు జవాబివ్వకపోతే ఆ జవాబు రాలేదని ఇంకో మెయిల్. చివరికి వాళ్ళు అలసిపోయారు. మెట్ల పక్కన ర్యాంపు, అంటే కుర్చీ ఎక్కే వాలు దారి, పెట్టిస్తామన్నారు. కానీ పాత కట్టడం, గోడకి ఒక మేకు కూడా కొట్టకూడదు. అందుకని ఇనుప చట్రం మీద బండలు పేర్చి, విడిగా నిలబెట్టాలి. లోపల నేలంతా ఎప్పుడో పరిచిన మా వైపు నాపరాయే కాబట్టి ర్యాంపుకీ అదే రాయి కావాలన్నారు. వదిన ఆ పని మామకే వచ్చేలా చూసింది. ఎలా అని మాత్రం అడగొద్దు. మళ్ళీ మెయిల్లే.

ర్యాంపు తెరిచే రోజు మొదట ఎక్కేది వదినే. మామకి ఒకటే చెప్పింది. "ఈసారి గూడ కిందనే కూసుంటే, మల్ల అడుగ నాయినా." అలా తను ఎప్పుడూ మాట్లాడదు. ఆ మాట విని మామ ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడని అత్త చెప్పింది.

సరే. అసలు రాత్రికి వద్దాం.

లారీ ఎక్కించే ముందు ర్యాంపునంతా మామ తన యార్డులోనే ఒకసారి నిలబెట్టి చూశాడు. పై చివర ఎక్కడికీ పోదు. ఎక్కితే ఎదురుగా యార్డు గోడ, దాని అవతల చీకటి. అంతే. ఎండిన మధ్యాహ్నం వదిన ఎక్కి చూసింది. బాగానే ఎక్కింది. మామ బండలో తన మీసం చూసుకుని మురిసిపోయాడు.

మర్నాడు వదినకి వికారాబాద్‌లో పరీక్ష. కుర్చీతో సహా రైలెక్కి అక్కడి మా ఇంటికెళ్ళింది. రాత్రికి మా అమ్మ దగ్గరే. సరిగ్గా అదే రోజు యార్డు వాచ్‌మన్ బస్సప్ప రాష్ట్రం సరిహద్దు దాటి వాళ్ళ ఊరికెళ్ళాడు. బస్సప్పకి చెవుడు. ఆయనంత ప్రశాంతంగా నిద్రపోయే వాచ్‌మన్ జిల్లాలో లేడు. ఆయన బదులు కాపలాకి మామ నన్ను పిలిచాడు. వదిన మా ఇంటికి, నేను వాళ్ళ యార్డుకి. ధారూర్ దగ్గర మా రైళ్ళు ఎదురుపడే ఉంటాయి.

యార్డులో ఒక రేకుల గది. ఇనుప మంచం. ఫ్యాను తిరగడం కంటే అరవడం ఎక్కువ. కరణ్‌కోట వైపు సిమెంటు లారీలు దూరంగా వెళ్తున్నాయి. కాసేపటికి అవీ తగ్గాయి. ఫోన్ చూస్తూ పడుకున్నాను.

అప్పుడు వినిపించింది.

గిర్ర్... గిర్ర్... గిర్ర్...

నెమ్మదిగా. రాయి మీద రబ్బరు చక్రం తిరుగుతున్నట్టు. ఒక తోపు... ఒక ఆగడం... ఇంకో తోపు. పైకి ఎక్కుతోంది. తర్వాత...

స్స్‌స్స్...

జారింది. కింద అడ్డంగా పెట్టిన చెక్కకి తగిలి "టక్" మంది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మొదలు. గిర్ర్...

కుక్క అనుకున్నాను. కుక్కకి చక్రాలుండవని గుర్తొచ్చింది. బండలు మోసే తోపుడుబండి అనుకున్నాను. అది నా కిటికీ కిందే, గొలుసుతో కట్టేసి ఉంది. ఇక మిగిలింది వదిన. వదినైతే వికారాబాద్ నుంచి అర్ధరాత్రి వచ్చి నన్ను భయపెట్టే ఓపిక ఉన్న మనిషే. అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ నిద్రగొంతుతో అంది. "ఉన్నదిరా, గురక పెడుతున్నది. కుర్చీ నా మంచం పక్కకే ఉన్నది, ఇప్పుడే కాలికి తగిలింది. నువ్వు గూడ పండు."

పడుకోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. ధైర్యంతో కాదు. తలుపు కంటే కిటికీ చిన్నది, అందులోంచి ఏదీ లోపలికి పట్టదని లెక్క.

వెన్నెల బాగా ఉంది. ర్యాంపు మీద ఎవరూ లేరు. బండలు మాత్రం మామ కోరుకున్నట్టే మెరుస్తున్నాయి. ఒక బండలో చంద్రుడు కనిపిస్తున్నాడు. గుండ్రంగా, శుభ్రంగా. మామ చూస్తే ఫోటో తీసుకునేవాడు.

చప్పుడు మళ్ళీ కింద మొదలైంది.

గిర్ర్... మొదటి బండ. గిర్ర్... రెండో బండ. ఎవరూ లేరు. చప్పుడు మాత్రం ఎక్కుతోంది. చంద్రుడున్న బండ దగ్గరికి వచ్చింది...

చంద్రుడు లేడు.

పైన ఆకాశంలో ఉన్నాడు. మబ్బు లేదు, గుడ్డపీలికంత కూడా లేదు. కింద బండలో లేడు. ఆ బండ నల్లగా ఉంది. ఏదో దాని మీద ఆగి, ఊపిరి తీసుకుంటున్నట్టు.

తర్వాత... స్స్‌స్స్... టక్.

చంద్రుడు మళ్ళీ బండలోకి వచ్చాడు.

ఆ తర్వాత ఒక నిట్టూర్పు వినిపించింది. అదే నన్ను ఇప్పటికీ వదలట్లేదు. కోపంగా లేదు. పగతో లేదు. ఆఖరి బస్సు కళ్ళముందే వెళ్ళిపోతే మనిషి వదిలే నిట్టూర్పు. దయ్యమంటే గజ్జెలు, నవ్వు, తెల్లచీర అనుకున్నవాణ్ణి. ఇదేమో తాండూరు బస్టాండులో రోజూ వినే చప్పుడు.

మళ్ళీ ఎక్కింది. మళ్ళీ జారింది. తెల్లవారే దాకా. మంచం కింద దూరానని కొందరంటున్నారు. అది నిజం కాదు. మంచం చాలా కిందికి ఉంది, ప్రయత్నించి చూశాను.

పొద్దున్నే ర్యాంపు దగ్గరికి వెళ్ళాను. వాన పడలేదు. మంచు కూడా లేదు. అయినా బండల మీద రెండు తడి గీతలు, పక్కపక్కనే, సగందాకా ఎక్కి అక్కడ చెదిరిపోయి, వెనక్కి జారి... పాలిష్ మిషన్ నీళ్ళ ట్యాంకు కారి ఉండొచ్చు. ట్యాంకు అవతలి మూలన ఉంది. నీళ్ళు అంతదూరం వచ్చి, రెండు వరసలు కట్టి, ఎత్తు ఎక్కాయన్నమాట. క్రమశిక్షణ గల నీళ్ళు.

వదినకి ఫోన్ చేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చప్పుడు ఎట్లుందో నోటితో చేసి చూపించమంది. పొద్దున్నే యార్డు మధ్యలో నిలబడి "గిర్ర్, స్స్‌స్స్, టక్" అన్నాను. టీ తెస్తున్న అత్త గేటు దగ్గరే ఆగిపోయింది.

"చక్రం జారే చప్పుడురా అది. నాకు తెల్వదా" అంది వదిన. "గా తడి జర నాకి చూడు, సముద్రం నీళ్ళలెక్క ఉప్పగున్నదా?"

నాకలేదు. నేను డిగ్రీ చదివాను.

"సరే తియ్. బకెట్ నీళ్ళు తెచ్చి ఆ బండల మీద పొయ్యి. పోసి నడువు."

పోశాను. నడిచాను. రెండో అడుగుకి ఆకాశం కనిపించింది. మామ అప్పుడే వచ్చాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. "గొర్రెకంటె కనాకష్టమైతివి గదరా అల్లుడా" అని చూపించడానికి తనే చెప్పులిడిచి ఎక్కాడు. మామ లావు మనిషి. ఆయన జారితే చట్రం మొత్తం మోగింది.

ఇద్దరం కింద తడిలో కూర్చున్నాం. ఫోన్ నా చేతిలోనే ఉంది. వదిన అంతా వింటోంది.

"సముద్రం పక్కకు రాయి ఎప్పుడు తడిగనే ఉంటది నాయినా" అంది మెల్లగా. "నీ రాయి మస్తుగ మెరుస్తది. నేను మస్తుగ జారుత. అందరి ముంగట."

మామ చాలాసేపు బండ మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరాడు. ఆయన నిమిరేటప్పుడు ఎప్పుడూ మురిపెంగా నిమురుతాడు. ఆ రోజు అట్లా లేదు. తర్వాత లేచి, మొదటి బండకి ఒక కొస తను పట్టుకుని, రెండో కొస పట్టమని నాకు సైగ చేశాడు. తిరగేశాం. అడుగున గనిలోంచి వచ్చిన గరుకు ముఖం. పాలిష్ తాకనిది. మామ దాన్ని... ఇంట్లోకి మీసం గీకించుకుని వచ్చిన తమ్ముణ్ణి చూసినట్టు చూశాడు.

సాయంత్రానికి బండలన్నీ తిరగేశాం. నీళ్ళు పోసి నడిచాను. పడలేదు. మామకి చివర్లో ఒక్కటైనా మెరిసేది పెడదామని ఉండింది. "నాయినా" అని అప్పుడే పరీక్ష రాసి రైలు దిగి వచ్చిన వదిన గేటు దగ్గర్నుంచి అంది. అంతే, ఊరుకున్నాడు.

ఆ రాత్రి వదిన ఇంటికి పోనంది. గదిలోనే కూర్చుంటానంది. లారీ పొద్దున్నే వస్తుంది. తోడుగా ఉండిపోయిన మామ మంచమెక్కిన వెంటనే గురక. నేను, వదిన కిటికీ దగ్గర. వదిన ఒక చేత్తో పల్లీలు తింటోంది. దయ్యం కోసం ఎదురుచూసేటప్పుడు పల్లీలు తినే మనిషిని మొదటిసారి చూశాను. మామ గురకకి దయ్యం భయపడి రాదేమో అన్నాను. అప్పుడే...

గిర్ర్...

వదిన చెయ్యి ఆగింది.

గిర్ర్... గిర్ర్... కనిపించడానికేమీ లేదు. గరుకు రాయిలో చంద్రుడు కనిపించడు. చెవులే. ఒక తోపు... ఒక ఆగడం... నిన్న ఆగిన చోటికి వచ్చింది. అక్కడ ఆగింది. చాలాసేపు. వదిన పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, తొయ్యి, తొయ్యి అంటోంది. నిజం చెప్తున్నా, నేను కూడా అన్నాను.

గిర్ర్.

ఇంకో బండ. ఇంకోటి. ఆఖరి బండ. పైన.

మేము కిందికి జారే చప్పుడు కోసం చూశాం. టక్ కోసం చూశాం.

రాలేదు.

పైన ఎక్కడికీ దారి లేదని చెప్పాను కదా. గోడ. దాని అవతల చీకటి. ఎక్కింది మాత్రం దిగలేదు.

"పోయి సూసి రా" అంది వదిన.

"నాకేం పని వదినె."

ఇద్దరం మిగిలిన పల్లీలు తినేసి పడుకున్నాం. నిద్ర పట్టిందంటే నమ్మరు. పట్టింది.

తర్వాత లారీ వెళ్ళింది. బండలు రేవు చేరాయి. తెరిచే రోజు మేమూ వెళ్ళాం. పొద్దున్నే సముద్రపు తేమకి ర్యాంపు తడిగా ఉంది. మామ నల్లని కోటు వేసుకొచ్చాడు. రాయి మెరవకపోయినా తను మెరుద్దామని. చుట్టూ చాలామంది. టికెట్లు చింపే ఆయన కూడా ఉన్నాడు. వదిన ఆయన్ని గుర్తుపట్టి పలకరించింది. ఆయన గుర్తుపట్టలేదు.

వదిన ఎక్కడం మొదలుపెట్టింది. ఒక తోపు... ఒక ఆగడం. మామ నా చెయ్యి నలిపేస్తున్నాడు. నాలుగో బండ దగ్గర వదిన ఆగిపోయింది. జారలేదు. ఊరికే ఆగింది. మామ కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మళ్ళీ తోసింది. పైకి వెళ్ళింది. తలుపు దాటి లోపలికి వెళ్ళిపోయింది. మామ ముక్కు చీదిన చప్పుడు సముద్రానికి వినపడే ఉంటుంది.

మధ్యాహ్నం దాకా వదిన బయటికి రాలేదు. ఓడ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. వచ్చాక ఎట్లుందని అడిగాను. "ఉన్నది. ఓడ లెక్కనే" అంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

తిరుగు రైల్లో అడిగాను, మధ్యలో ఎందుకు ఆగావని.

వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "ముంగట ఇంకో కుర్చీ పోతుండె గదా. జర పోనిద్దామని ఆగిన."

ర్యాంపు మీద వదిన ఒక్కతే ఉంది. నేను చూశాను. మామ కళ్ళు మూసుకున్నాడు కాబట్టి ఆయన సాక్ష్యం పనికిరాదు.

మా ఇంట్లో నాకంటే మొండిగా, ముఖం కదపకుండా జోకులేసేది ఒక్క వదినే. అది జోకా కాదా అని నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్తుంది. అందుకే అడగలేదు.